జల్లెడ కింది పిండి

పక్కింటి సుజాత మిద్దె మీద బియ్యం చెరుగుతోంది. నేను బట్టలు ఆరేయడానికి పైకి వెళ్ళేసరికి ఏడూ నలభై. చాట లేచినప్పుడల్లా సన్నటి తెల్లటి పొడి గాలిలోకి వచ్చి, ఎండ తగలగానే పసుపు రంగుకు తిరిగి, కింద పడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు అక్కడే నిలుస్తోంది. తడి చీర చేతిలో పట్టుకుని నేనూ నిలబడిపోయాను. తవుడు వాసన వచ్చింది, అది రావలసిందే. దాని వెనకాలే, ఎక్కడినుంచో, ఎండు చేపల వాసన వచ్చింది. మా మిద్దె మీద చేపలు లేవు. నేను పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. ఆ వాసన 1980 మే 8, గురువారం నాటిది. ఆ రోజు దాన్ని నాకంటే ముందు పట్టుకున్నది మల్లయ్య డాక్టరు గారు.

ఆయన పేరు రాజమల్లయ్య. పశువుల డాక్టరు, అందులోనూ కోళ్ళ జబ్బులు చూసే డాక్టరు. వరంగల్ కాశిబుగ్గలో మగ్గాల ఇళ్ళ నడుమ ఆయన ఇల్లు. తండ్రి నేసేవాడు, అన్న నేసేవాడు, ఇంట్లో ఈయన ఒక్కడే చదువుకున్నాడు. సన్నటి మనిషి, పొట్టి చేతుల చొక్కా, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. చచ్చిన కోళ్ళను కోసే కత్తెరను పాత తువ్వాలులో చుట్టి గుడ్డసంచిలో పెట్టుకునేవాడు. ప్రతి గురువారం పొద్దున పాసింజరులో స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, స్టేషన్లో పెట్టుకున్న సైకిలెక్కి, చుట్టుపక్కల కోళ్ళ ఫారాలు తిరిగేవాడు. ఆయన రాసిన పుస్తకాలు లేవు, ఆయన పేరున వీధి లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది మాత్రం నా దగ్గర ఉంది. చెప్పకపోతే అదీ నాతో పోతుంది.

వాటిలో ఒక ఫారంలో నేను గుమాస్తాగా చేరింది 1979 ఫిబ్రవరి 12, సోమవారం. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్నకు వరంగల్ బజారులో ధాన్యం కొట్టు ఉండేది. ఆయన మంచం పట్టాక కొట్టు మూతపడింది. నాకు వచ్చింది ఇంటర్మీడియట్ చదువు, తూకం, కూడిక. మా కొట్టులో ఒక నియమం ఉండేది: గింజలో పొడి కనబడితే కొట్టుకు సిగ్గు. నాన్న ఏ బస్తాలోనైనా మోచేతి దాకా చేయి పెట్టి తీసేవాడు. చేతికి తెల్లగా పొడి అంటుకుంటే ఆ బస్తా మళ్ళీ జల్లెడకెక్కాల్సిందే. అన్నం ముందు చేతులు కడుక్కోవడం ఎలాగో, గింజను జల్లించడం నాకు అలాగే వచ్చింది. ఎవరూ నేర్పలేదు, ఎందుకని నేనూ అడగలేదు.

ఫారంలో నా పని గుడ్లు లెక్కపెట్టడం, దాణా తూచడం, చచ్చిన కోళ్ళను రిజిస్టరులో ఎక్కించడం. పొడవాటి రేకుల షెడ్డు. నడుమ దారి, దారికి ఎడమ పక్క నాలుగు వందల ఎనభై కోళ్ళు, కుడి పక్క నాలుగు వందల ఎనభై, అన్నీ తీగల గూళ్ళలో. ఎడమ పక్కను ఎల్లమ్మ చూసేది, కుడి పక్కను సాయిలు. పొద్దున తొమ్మిదింటికి, అన్నీ గుడ్లు పెట్టే వేళ, షెడ్డంతా ఒకటే సన్నటి గొణుగుడు లేచేది. కళ్ళు మూసుకుంటే దూరాన ఎక్కడో ఆడవాళ్ళంతా ఒకేసారి ఏదో కలలో మాట్లాడుతున్నట్టు ఉండేది. రేకుల సందుల్లోంచి పడే ఎండ పలకలు పలకలుగా నేల మీద జరిగేది. ఆ పలక మూడో స్తంభం దగ్గరికి వస్తే పదకొండు అయినట్టు.

"సావుకారి బిడ్డవు, పప్పుతోనే పెరిగినవు. కోళ్ళను ముట్టకుంట కోళ్ళ నౌకరి ఎట్ల జేస్తవమ్మా?" అని సాయిలు నవ్వేవాడు.

"లెక్కవెట్టెటందుకు ముట్టుడెందుకురా? చుక్కలను ముట్టి లెక్కవెడ్తరా?" అని ఎల్లమ్మ నా తరఫున జవాబు చెప్పేది.

ఎల్లమ్మకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. భర్త లేడు. ఏడో తరగతి చదివే కూతురితో ఫారం గేటు పక్క గదిలో ఉండేది. ఆ గది పనితోపాటు వచ్చింది. పని పోతే గదీ పోతుంది.

నేను చేరిన ఏప్రిల్లోనే డాక్టరు గారి మొదటి పాఠం అయింది. ఒకే వారంలో మూడు కోళ్ళు చచ్చాయి. రిజిస్టరులో కారణం అనే గడి ఉంది. మూడింటికీ ఎండదెబ్బ అని గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టాను. గురువారం ఆయన వచ్చి ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

"ఎండదెబ్బ అని నీకు ఎవరు జెప్పిండ్రు బిడ్డా?"

"ఎండలున్నాయి గదా సార్."

"ఎండలున్నయ్, నిజమే. ఈ కోడికి దెబ్బ తాకంగ నువ్వు చూసినవా?"

"లేదు సార్. గడి ఖాళీగా ఉంటే బాగుండదని..."

"అంటే గడికి కడుపు నింపినవన్నట్టు." ఆయన నవ్వి, వాటిలో ఆ పొద్దుటే చచ్చిన కోడిని బల్ల మీద పెట్టి కోశాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగితే, "ముట్టకు. గాని చూడు" అన్నాడు. దాని కడుపులో, గింజను నూరే కండరపు సంచిలోంచి, వంకర తిరిగిన ఇనుప పిన్నీసు తీసి నా ముందు పెట్టాడు. "ఇదిగో, నీ ఎండ. తుప్పు పట్టింది."

సాయిలు పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. డాక్టరు గారు కలం తీసుకుని ఆ కోడి ఎదుట పిన్నీసు అని రాసి, మిగతా రెండింటి ఎదుట నా అక్షరాలు కొట్టేసి, తెలియదు అని రాశాడు. "ఇది గూడ జవాబే. అబద్ధం రాస్తే గడి మూసుకుపోతది. ఇది రాస్తే తెరుసుకోని ఉంటది, రేపు ఎవలన్న వచ్చి సూడొచ్చు" అన్నాడు. ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను.

తొమ్మిది నెలల తర్వాత నేను నా తప్పు చేశాను. తప్పు చేస్తున్నప్పుడు అది తప్పులా లేదు, శుభ్రతలా ఉంది. తొట్లలో మిగిలే దాణాను ప్రతి సాయంత్రం నేను తూచేదాన్ని. కోళ్ళు, మక్కలని అక్కడివాళ్ళు పిలిచే మొక్కజొన్న పలుకులన్నీ ఏరుకు తినేవి, అడుగున బూడిదలాంటి పొడి మిగిలేది. పల్లిచెక్క పొడి, ఎండు చేపల పొడి, అందులో డాక్టరు గారిచ్చిన పసుపుపచ్చ మందు పొడి చారెడంత. దాణాలో చేయి పెట్టి తీస్తే మోచేతి దాకా అంటుకునేది. నాకు మా కొట్టు గుర్తొచ్చింది. 1980 జనవరి 7, సోమవారం, పెద్ద జల్లెడ ఒకటి దూలానికి తాళ్ళతో వేలాడదీయించి, ఎల్లమ్మను, సాయిలును పిలిచి, ఇక నుంచి దాణాను జల్లించి పొయ్యమని చెప్పాను. ఎంత పొడి పోతే అంత మొక్కజొన్న కలపమన్నాను. పొడిని పారెయ్యడం ఎందుకని యజమాని బర్రెల కుడితిలో వెయ్యమన్నాను. ఫారం యజమానిని మేమంతా పటేల అనేవాళ్ళం. ఆయనకు గేటు దగ్గర రెండు బర్రెలుండేవి.

"కోళ్ళకు జల్లెడనా? రేపు ఇస్తరాకులు గూడ ఎయ్యమంటవు" అని సాయిలు అదే రోజు మానేశాడు. బస్తా విప్పి ఉన్నది ఉన్నట్టు పోసేవాడు. ఎల్లమ్మ మానలేదు. జల్లెడను ఉయ్యాలలా ఊపుతూ ఏదో కూనిరాగం తీసేది. పొడి ఆమె చుట్టూ పొగమంచులా లేచేది, అందులో ఆమె చేతులు మాత్రం కనబడేవి. తలకు నూట పది గ్రాముల లెక్కన నాలుగు వందల ఎనభైకి రోజుకు యాభై రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అందులో ఎనిమిది కిలోలు జల్లెడ కిందికి పోయేవి. రిజిస్టరులో మాత్రం దాణా గడిలో రెండు పక్కలకూ ఒకటే రాశాను. బస్తా ఒకటే కదా అనుకున్నాను.

మొదట్లో ఎడమ పక్క కోళ్ళు బరువెక్కాయి. చూడటానికి ముచ్చటగా ఉండేవి. తర్వాత గుడ్లు తగ్గాయి. తగ్గాయని ఇంకో దోసెడు మొక్కజొన్న కలపమన్నాను. మార్చి ఆఖరు నుంచి చావులు మొదలయ్యాయి. నిన్న సాయంత్రం నిండుగా, మెరుస్తూ ఉన్న కోడి, పొద్దున గూట్లో తల వాల్చి, పాలిపోయిన తురాయితో పడి ఉండేది. దగ్గు లేదు, విరేచనాలు లేవు. కారణం గడిలో తెలియదు అని బుద్ధిగా రాశాను. మే మొదటి వారానికి ఎడమ పక్క నలభై ఒకటి, కుడి పక్క ఒక్కటీ లేదు. పటేల రిజిస్టరు చూసి ఆ ఒక్క లెక్కతో తేల్చేశాడు.

"ఎల్లమ్మ చెయ్యి మంచిది కాదు. నీళ్ళన్న సరింగ వోస్తలేదు, ఏమన్న కలుపుతన్న ఉన్నది. శనివారం దాకా ఉండి పోనీ."

అది గురువారం. డాక్టరు గారు బల్ల దగ్గర ఉన్నాడు. ఆ చావులు మొదలయ్యాక ఆయన కోసిన తొమ్మిదో కోడి అది. కడుపు తెరవగానే పచ్చటి కొవ్వు, వెన్న పేరుకున్నట్టు. కాలేయం పిన్నీసు కోడిలో నేను చూసిన ముదురు ఎరుపులో లేదు. గుమ్మడిపువ్వు రంగులో ఉబ్బి ఉంది. ఆయన వేలు ఆనిస్తే వేలు లోపలికి దిగిపోయింది. దాని పక్కన నల్లగా గడ్డకట్టిన రక్తం.

"కాలేయం పగిలి సచ్చింది" అన్నాడు ఆయన మెల్లగా. "ఇది పెట్ట. గుడ్డులున్న పచ్చసొన ఏడ తయారైతది అనుకున్నవ్? గుడ్ల సంచిల గాదు, ఈడ. మక్కలు తింటే కాలేయం దాన్ని కొవ్వు జేస్తది. ఆ కొవ్వు ఈడికెల్లి బండెక్కి సొనకు వోవాలె. కాజీపేట గూడ్స్ షెడ్డు సూసినవు గద? బస్తాలొస్తనే ఉన్నయ్, వ్యాగన్లు లేవు. ఏమైతది?"

"షెడ్డు నిండిపోతుంది సార్."

"నిండి, ఆఖరికి గోడ పగుల్తది. ఆ వ్యాగన్లు జేసే సామాను పల్లిచెక్క పొడిల, చేపపొడిల, నేనిచ్చిన మందుల ఉంటది. మక్కలల్ల ఉండేది శానా తక్కువ." ఆయన తలెత్తి నన్ను చూశాడు. "రెండు పక్కల ఒకటే దాణానా?"

దూలానికి జల్లెడ వేలాడుతూ, గాలికో దేనికో, చాలా మెల్లగా తిరుగుతోంది. అప్పటికే నాకు అంతా తెలిసిపోయింది. చెప్తే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో నాన్న మంచం మీద ఉన్నాడు. ఎదురుగా ఎల్లమ్మ నిలబడి ఉంది, ఆమె నా వైపు చూడలేదు.

"ఒకటే సార్" అన్నాను. "రిజిస్టరులో ఉంది."

ఆయన రిజిస్టరు చూశాడు, మూశాడు. చేతులు కడుక్కుని సైకిలు దగ్గరికి నడిచాడు. మేమందరం వెనక నడిచాం. గేటు దగ్గర పటేల బర్రె ఒకటి తల చాచి ఆయన అరచేయి నాకింది. నిగనిగలాడుతున్న బర్రె, ఆ నాలుగు నెలల్లో నూనె రాసినట్టు తయారైంది. ఆయన చేయి వెనక్కి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పటేలా, నీ బర్రెకు చేపల కూర ఎవలు వెడుతుండ్రు?"

పటేల పెద్దగా నవ్వాడు. "డాక్టరుకు ఆకలైతాంది, తొందరగ ఇంటికి వంపాలె" అన్నాడు. సాయిలూ నవ్వాడు. నవ్వనిది ఎల్లమ్మ, నేను, డాక్టరు. ఆయన ఎల్లమ్మను చూశాడు, నన్ను చూశాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎండలో ఆ సైకిలు చిన్నదైపోయి, నీళ్ళలో పోతున్నట్టు వణికి, మాయమైంది.

మర్నాడు పొద్దున, వరంగల్ నుంచి నేను రోజూ వెళ్ళే పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని చేలు వెనక్కి పోవడం చూస్తూ ఉన్నాను. మోచేతి దాకా ఏదో అంటుకున్నట్టే ఉంది. ఫారానికి వెళ్ళేసరికి ఎల్లమ్మ, రేపు పోవలసిన మనిషి, జల్లెడ ఊపుతోంది.

"ఆపు అక్కా" అన్నాను. "జల్లించమన్నది నేనని పటేలకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె జల్లెడను రెండు చేతులతో పట్టి ఆపింది. "చెప్తే ఏమైతది? ఇద్దరం పోదుము. నాకు రెక్కలున్నయ్, వానలు వడితే నాట్లకు వోత. నీకు రాత తప్ప ఏమొస్తది బిడ్డా?"

"మరి గది?"

ఆమె జుట్టు మీద, కనురెప్పల మీద పొడి తెల్లగా ఉంది. ఆ కళ్ళు దులుపుకోకుండా నన్నే చూశాయి.

నేను బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు తెరిచి రాశాను. జనవరి 7 నుంచి మే 8 వరకు, నూట ఇరవై మూడు రోజులు, ఎడమ పక్క దాణాను జల్లించి పోశారు. సుమారు తొమ్మిది వందల ఎనభై నాలుగు కిలోల పొడి కోళ్ళకు చేరలేదు. రెండు పక్కల దాణా ఒకటే అని ఈ రిజిస్టరులో రాసింది తప్పు. చెయ్యి ఎల్లమ్మది, మాట నాది. కింద సంతకం పెట్టి పటేల ముందు తెరిచి పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది, చివరికి కిటికీలోంచి బర్రెలను చూశాడు. "అందుకేనా ఇవి గిట్ల మెరుస్తానయ్!" అన్నాడు. ఎల్లమ్మను ఉండమన్నాడు. నన్ను సోమవారం నుంచి రావద్దన్నాడు. సాయిలు నన్ను స్టేషను దాకా దిగబెట్టి, రైలు కదిలాక, "నా బద్దకం మంచిదే అయిందమ్మా!" అని అరిచాడు. ఏడుస్తూ నవ్వాను.

జూన్లో ఒక ఆదివారం కాశిబుగ్గలో డాక్టరు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఇంటినుంచి ఇంటికి అందుకుంటూ పోతుంది, నడుస్తుంటే మన అడుగులూ ఆ తాళంలోకి వెళ్ళిపోతాయి. వాళ్ళ అన్న గుంట మగ్గం మీద ఉన్నాడు. డాక్టరు గారు పక్కన నేల మీద కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు.

"ఎల్లమ్మ చెప్పలె, నువ్వు చెప్పలె" అన్నాడు నన్ను చూడగానే. "బర్రె జెప్పింది."

"మరి మీరెందుకు పటేలకు చెప్పలేదు సార్?"

"రిజిస్టరు నీది గద."

జల్లెడ దించాక, ఆయన మందు మార్చాక, ఇంకో మూడు చచ్చి చావులు ఆగిపోయాయని చెప్పాడు. నేను వేళ్ళ మీద లెక్క వేసి, నెల రోజులుగా మోస్తున్న ప్రశ్న అడిగాను. "నాలుగు వందల ఎనభై తిన్నాయి సార్. అంతా ఒకటే తప్పుడు దాణా. నలభై నాలుగే చచ్చాయి. మిగతా నాలుగు వందల ముప్పై ఆరు ఎట్లా బతికాయి?"

ఆయన కండె కింద పెట్టాడు. మగ్గం వైపు చూపించాడు. "పడుగు సూడు. దారాలన్నీ అందులనే ఉన్నయ్. అన్న కింద ఈ చెక్క తొక్కితే కొన్ని దారాలు లేస్తయ్, అది తొక్కితే ఇంకొన్ని లేస్తయ్. ఏది లేస్తే ఆ పువ్వు పడ్తది. జన్యువులు గూడ గట్లనే. పుంజు కాలేయంల గూడ సొన తయారుజేసే దారముంటది, ఎన్నడు లేవదు. పెట్టలుండే హార్మోను సూది పుంజుకేస్తే లేస్తదట. గుడ్డు వెట్టదు, సొన సరుకు మాత్రం నెత్తుట్ల తిరుగుతది."

అన్న తొక్కడం ఆపి విన్నాడు. "పుంజుకా? ఇగ దానికి సిగ్గు గాదార?" అన్నాడు. అందరం నవ్వాం.

"హార్మోను ఒక్కటే గాదు" అన్నాడు డాక్టరు గారు. "తిండి గూడ తొక్కుతది. మక్కలు ఎక్కువైతే కొవ్వు జేసే దారాలు లేస్తనే ఉంటయ్. పడుగు కోడి కోడికి జర జర వేరే. ఒకదాన్ల దారం సులువుగ లేస్తది, ఒకదాన్ల బిగుసుకోని ఉంటది. ఏ కోడిది ఎట్లున్నదో బయటికి కనవడదు."

"అయితే ఆ నలభై నాలుగింటివీ సులువుగా లేచే దారాలన్నమాట."

"నేను కోసి చూసినయి ఎన్ని?"

"తొమ్మిది."

"మిగతా ముప్పై అయిదు?"

మగ్గం మళ్ళీ మొదలైంది. చెక్క తొక్కిన ప్రతిసారీ దారాలు గాలిలోకి లేచి, దిగి, లేచి. వాటి సందులోంచి గుమ్మం అవతలి ఎండ ఒకసారి కనబడి, ఒకసారి కనబడకుండా. "తెలియదు సార్" అన్నాను. ఆయన తల ఊపి మళ్ళీ కండె తీసుకున్నాడు. ఆ రోజు ఆ మాట నిజంగా అర్థమైంది.

ఆయన నాకు ఉద్యోగం ఇప్పించలేదు, నేను అడగనూ లేదు. ఆ శ్రావణంలో ఒక ఆడపిల్లల హాస్టలులో గుమాస్తాగా కుదిరాను. ముప్పై ఏళ్ళు అక్కడే చేశాను. ఎల్లమ్మ కూతురు పదో తరగతి పాసై మిఠాయి తెచ్చిపెట్టింది, అది 1983 జూన్. డాక్టరు గారిని చివరిసారి చూసింది 1987 దసరా తర్వాత. కళ్ళు మసకబారి మంచం మీద ఉన్నాడు, బుగ్గలో లవంగం మాత్రం ఉంది. పక్క గదిలో మగ్గం నడుస్తోంది.

"ఏడాదికి ఎన్నిసార్లు రాస్తవు బిడ్డా, తెలియదని?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసి లెక్కపెట్టుకునే వెళ్ళాను. "ఈ ఏడు పదిహేడు సార్."

"తక్కువనే" అన్నాడు, కళ్ళు మూసుకుని, చాలా తృప్తిగా.

సుజాత చాట కింద పెట్టి, "ఏంది ఆంటీ, అట్లనే నిలవడ్డరు?" అంది. ఆ పొడి ఎవరికి వేస్తావని అడిగాను. పిచ్చుకలకు అంది. చాట అంచు మీది పొడి ఒక చిటికెడు తీసి వాసన చూశాను. తవుడు వాసన ఒక్కటే ఉంది. చీర ఆరేసి, కిందికి వచ్చి, నోటుపుస్తకం తీసి, తారీఖు వేసి రాశాను: పొద్దున ఏడూ నలభైకి మిద్దె మీద ఎండు చేపల వాసన. కారణం: తెలియదు.